ఒకే చిప్, రెండు ధరలు

(బసవకళ్యాణ్‌లో తెలుగు క్రైస్తవ యువత కూడికలో చేసిన ప్రసంగం)

ముందు వరసలో కూర్చున్న పెద్దలకు ఒక మాట. న్యాయం గురించి మాట్లాడతారని వస్తే, వీళ్లేమో కంప్యూటర్ సామాను ధరలు చెబుతున్నారేమిటి అని మీకు అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి. మీ తాతలు అప్పు చేసి ఎద్దులు కొన్నారు. మీరు అప్పు చేసి కుట్టుమిషనో, ఆటోనో, టెంట్ హౌస్ సామానో కొన్నారు. మీ పిల్లలు ఇప్పుడు అప్పు చేసి గ్రాఫిక్స్ కార్డు కొంటున్నారు. పనిముట్టు ధర ఎవరు నిర్ణయిస్తున్నారు, ఎలా నిర్ణయిస్తున్నారు అన్నది ఏ కాలంలోనైనా న్యాయానికి సంబంధించిన సంగతే.

పైగా మనం కూర్చున్నది కళ్యాణంలో. పన్నెండో శతాబ్దంలో బిజ్జలుడి దగ్గర మంత్రిగా ఉన్న బసవన్న చుట్టూ పడవ నడిపేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, తాళ్లు పేనేవాళ్లు చేరింది ఇక్కడే. చేతిపనికి విలువ ఎంత, అవసరానికి మించి తెచ్చుకోవచ్చా అన్న ప్రశ్నలు ఆనాడే ఇక్కడ లేచాయి. ఆ బసవన్న కథను తెలుగులో చెప్పినవాడు పాల్కురికి సోమనాథుడు. 1956 దాకా ఈ బీదర్ జిల్లా కూడా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. అందుకే ఈ హాల్లో కన్నడం, మరాఠీ, దక్కనీ కలిసిన తెలుగు వినిపిస్తోంది. అది వినడానికి మాకు బాగుంది కూడా.

సరే, విషయానికి వద్దాం. ఇక్కడి యువకులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసేవాళ్లు, హైదరాబాద్ వెళ్లి యానిమేషన్ నేర్చుకుని వచ్చినవాళ్లు, ఇంజనీరింగ్‌లో కృత్రిమ మేధ చదువుతున్నవాళ్లు, అందరిదీ ఒకటే ప్రశ్న. హైవే ఎక్కి సికింద్రాబాద్ సీటీసీకి వెళ్తారు. దుకాణంలో రెండు రకాల కార్డులు చూపిస్తారు. ఒకటి ఆటలు ఆడుకునేవాళ్లదట, గేమింగ్ కార్డు. రెండోది పని చేసుకునేవాళ్లదట, ప్రొఫెషనల్ కార్డు. రెండోదాని ధర మొదటిదానికి మూడింతలో నాలుగింతలో ఉంటుంది. "లోపల ఏముందన్నా అంత తేడా?" అంటే దుకాణంవాడు "అది కంపెనీవాళ్లది సార్, పనికి అదే తీసుకోవాలి" అంటాడు. అంతకుమించి అతనికీ తెలియదు.

లోపల ఏముందో చూద్దాం. ఎన్విడియా కంపెనీ 2022 అక్టోబరులో ఆర్టీఎక్స్ 4090 అనే గేమింగ్ కార్డు విడుదల చేసింది. అమెరికాలో ధర 1,599 డాలర్లు. మన దేశంలో మొదటి ధర 1,55,000 రూపాయలు. అదే సమయంలో ఆర్టీఎక్స్ 6000 ఏడా అనే ప్రొఫెషనల్ కార్డు వచ్చింది. దాని ధర 6,800 డాలర్లు. అప్పటి మారకం లెక్కన పన్నులు కాకుండానే ఐదున్నర లక్షలు. రెండింటిలోనూ ఉన్నది ఏడీ102 అనే ఒకే చిప్. లెక్కలు చేసే చిన్న భాగాలను కోర్‌లు అంటారు. గేమింగ్ కార్డులో అవి 16,384 పనిచేస్తాయి, ప్రొఫెషనల్ కార్డులో 18,176. అంటే నూటికి పదకొండు ఎక్కువ. మెమరీ ఒకదానిలో 24 జీబీ, రెండోదానిలో 48 జీబీ. మెమరీ నుంచి సమాచారం వచ్చే వేగం చూస్తే గేమింగ్ కార్డుదే కొంచెం ఎక్కువ. ధర మాత్రం నాలుగింతలకు పైన.

కంపెనీని తిట్టే ముందు దాని పక్షం కూడా వినాలి. ఎందుకంటే ఆ తేడాలో కొంత నిజమైనదే. చిప్‌ల తయారీలో అన్నీ ఒకేలా రావు. కొన్నింటిలో చిన్న చిన్న లోపాలు ఉంటాయి. బియ్యం జల్లెడ పట్టినట్టు పట్టి, మేలిరకాన్ని ఒక పక్కకు, నూకలు కలిసినదాన్ని ఒక పక్కకు తీస్తారు. లోపమున్న భాగాలను మూసేసి తక్కువ ధరకు అమ్ముతారు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. ప్రొఫెషనల్ కార్డు కరెంటు తక్కువ తాగుతుంది. 4090 కార్డు 450 వాట్లు తీసుకుంటే అది 300 వాట్లు. సన్నగా ఉంటుంది కాబట్టి ఒకే పెట్టెలో రెండు మూడు పక్కపక్కన పెట్టుకోవచ్చు. మెమరీలో ఒక అంకె తారుమారైతే పట్టుకుని సరిదిద్దే ఈసీసీ అనే ఏర్పాటు ఉంటుంది. గేమింగ్ కార్డుల్లో చాలావాటికి అది ఉండదు. ఆటలో ఒక చుక్క రంగు తప్పుగా పడితే ఎవరికీ నష్టం లేదు. వంతెన లెక్కలో తప్పు పడితే ప్రాణాలు పోతాయి. ఇక సాలిడ్‌వర్క్స్, ఆటోడెస్క్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఈ కార్డులను పరీక్షించి, ఇది మా దగ్గర సరిగా పనిచేస్తుంది అని ధ్రువపత్రం ఇస్తాయి. కొనేవాళ్లు తక్కువ, పరీక్షల ఖర్చు ఎక్కువ, ఆ ఖర్చు కొద్దిమంది మీదే పడుతుంది.

ఇవన్నీ కలిపినా నాలుగింతలు అవుతుందా? అవదని మా అభిప్రాయం. అభిప్రాయం ఒక్కటే కాదు, కంపెనీ చేసిన పనులే అలా చెబుతున్నాయి.

2017లో జరిగినది వినండి. ఎన్విడియా దగ్గర టైటాన్ ఎక్స్‌పీ అనే 1,200 డాలర్ల కార్డు ఉండేది. ఆటలకు గొప్పది, డిజైన్ సాఫ్ట్‌వేర్లకు మాత్రం అంతంతమాత్రం. ఆ పని కావాలంటే క్వాడ్రో కొనాలి, దాని ధర వేరే లోకం. ఆ జూన్ నెలాఖరున పోటీ కంపెనీ ఏఎండి, వేగా ఫ్రాంటియర్ ఎడిషన్ అని 999 డాలర్ల కార్డు తెచ్చింది. ఆటలకూ పనికీ రెండింటికీ పనికొస్తుంది అంది. నెల తిరగ్గానే ఎన్విడియా ఒక కొత్త డ్రైవర్ విడుదల చేసింది. డ్రైవర్ అంటే కార్డుతో కంప్యూటర్ మాట్లాడటానికి వాడే సాఫ్ట్‌వేర్. దాన్ని ఎక్కించుకుంటే టైటాన్ ఎక్స్‌పీ కొన్ని డిజైన్ పనుల్లో మూడింతల వరకు వేగంగా పనిచేస్తుందని కంపెనీయే ప్రకటించింది. కార్డు విప్పలేదు, స్క్రూ కూడా తిప్పలేదు. ఆ శక్తి కొన్నవాడి ఇంట్లో, వాడి డబ్బాలో, మొదటి రోజు నుంచీ ఉంది. తాళం మాత్రం కంపెనీ దగ్గర ఉంది. పక్కింటివాడు చవకగా దుకాణం తెరిచాక ఆ తాళం తీశారు.

ఇంకోటి మన గుళ్లకు సంబంధించినదే. కోవిడ్ నుంచి ప్రతి సంఘమూ ఆదివారం ఆరాధనను లైవ్ పెడుతోంది. వీడియోను అప్పటికప్పుడు కుదించి పంపే భాగం ఈ కార్డుల్లో విడిగా ఉంటుంది. గేమింగ్ కార్డు మీద ఒకేసారి ఎన్ని వీడియోలు కుదించవచ్చో డ్రైవర్‌లోనే హద్దు పెట్టారు. మొదట రెండు, తర్వాత మూడు, 2023లో ఐదు, 2024లో ఎనిమిది. పాత కార్డులకు కూడా ఈ పెంపు వర్తించింది. అంటే ఒకప్పుడు రెండే మోయగల కార్డు 2024 నాటికి ఎనిమిది మోసింది. కార్డు మారలేదు, అనుమతి మారింది. ఖరీదైన ప్రొఫెషనల్ కార్డులకు ఈ హద్దే లేదు. (మీ సంఘం లైవ్‌కు ఒక్కటి చాలు. ఎవరైనా దీనికోసం పెద్ద కార్డు కొనమంటే కానుకల డబ్బు వృథా చేయకండి.)

అమ్మేవాళ్లు కావాలనే సరుకు పాడుచేసి చవకగా అమ్మడం కొత్తదేమీ కాదు. 1849లో ఫ్రాన్సులో జూల్ డ్యుప్యూయి అనే ఇంజనీరు దీని గురించి రాశాడు. అప్పటి రైళ్లలో మూడో తరగతి పెట్టెలకు పైకప్పు ఉండేది కాదు. పైకప్పు వేయడానికి ఖర్చవుతుందనా? కాదంటాడు ఆయన. పేదవాడిని బాధపెట్టడం కంపెనీ ఉద్దేశమూ కాదు. రెండో తరగతి టికెట్టు కొనగలవాడు మూడో తరగతి ఎక్కకుండా భయపెట్టడం ఉద్దేశం. వాడిని భయపెట్టడానికి వీడిని ఎండలో కూర్చోబెట్టారు. మన దేశంలో మూడో తరగతి ప్రయాణికుల పాట్ల గురించి గాంధీ 1917లో రాసింది చదివితే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది.

కంప్యూటర్ల లోకంలో దీనికి మంచి ఉదాహరణ ఐబీఎం ప్రింటరు. నిమిషానికి పది కాగితాలు అచ్చువేసే లేజర్ ప్రింటరు వాళ్లకు ఉండేది. తర్వాత నిమిషానికి ఐదు కాగితాలు వేసే చవక రకం తెచ్చారు. రెండూ దాదాపు ఒకటే. చవకదానిలో కాసేపు ఆగమని చెప్పే చిప్ అదనంగా పెట్టారు. అంటే నెమ్మదిగా నడిచే యంత్రానికి తయారీ ఖర్చే ఎక్కువ! డెనెకెర్, మెకాఫీ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు 1996లో ఇలాంటివాటి మీద రాసిన వ్యాసానికి పాడుచేసిన సరుకు అన్న అర్థం వచ్చే పేరే పెట్టారు. 1991లో ఇంటెల్ తెచ్చిన 486 ఎస్‌ఎక్స్ చిప్‌దీ అదే వరస. దశాంశ లెక్కలు చేసే భాగం తొలి చిప్‌లలో లోపల ఉన్నదే, పనిచేయకుండా ఆపి అమ్మారు.

అయితే మన ఇళ్లలోనూ ఒకే సరుకుకు రెండు ధరలు ఉన్నాయి కదా అని మీరు అడగాలి. ఉన్నాయి. ఇంటి గ్యాస్ సిలిండరు ఎర్రగా 14.2 కిలోలు. హోటలు సిలిండరు 19 కిలోలు, ధర వేరు. లోపల అదే గ్యాస్. రేషన్ కిరోసిన్‌కు నీలం రంగు కలిపేవాళ్లు, నల్లబజారుకు పోతే పట్టుకోవడానికి. రైతుకు సబ్సిడీ మీద ఇచ్చే యూరియా ఫ్యాక్టరీలకు మళ్లకుండా 2015లో మొత్తం యూరియాకూ వేపనూనె పూత తప్పనిసరి చేశారు. ఇవి కూడా కంచెలే. కానీ చూడండి, నీలం రంగు వేసినా దీపం వెలుగుతుంది. వేపపూత ఉన్నా పైరు ఎదుగుతుంది. పేదవాడికి అందేది ఏమీ తగ్గలేదు. పైగా ఆ కంచె వేసింది ప్రభుత్వం. నచ్చకపోతే అసెంబ్లీలో అడగవచ్చు, ధర్నా చేయవచ్చు, ఓటుతో చెప్పవచ్చు. గ్రాఫిక్స్ కార్డు కంచె ఎక్కడుంది? డ్రైవర్ ఎక్కించేటప్పుడు చదవకుండానే 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కుతామే, ఆ లైసెన్సు కాగితంలో ఉంది. దాని మీద ఎవరితోనూ చర్చ జరగలేదు.

కాబట్టి రెండు ధరలు ఉండటమే పాపం అని మేము అనం. ఉన్నవాడి దగ్గర ఎక్కువ, లేనివాడి దగ్గర తక్కువ తీసుకోవడం లేఖనాలకు కొత్త కాదు. లేవీయకాండం 5వ అధ్యాయం చూడండి. గొర్రెను తేలేనివాడు రెండు గువ్వలు తెస్తే చాలు, అదీ కుదరకపోతే కాస్త పిండి. ముగ్గురికీ దొరికే క్షమాపణ ఒక్కటే. గువ్వలు తెచ్చినవాడికి సగం క్షమాపణ ఇవ్వలేదు! అదే ధర్మశాస్త్రం ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయంలో సంచిలో పెద్దవి, చిన్నవి రెండు రకాల తూనికరాళ్లు ఉంచుకోవద్దంటుంది. ఈ రెండింటి మధ్య తేడాయే మనకు కావలసింది. ధర మనిషిని బట్టి తగ్గవచ్చు. తూకం తగ్గకూడదు. డబ్బు తీసుకుని ఇచ్చిన వస్తువులో సగాన్ని దొంగచాటుగా మూసిపెట్టి, పూర్తిగా ఇచ్చినట్టు చూపడం తూకంలో మోసమే. ముందే చెప్పి మూస్తే మోసం కాదు కానీ, అక్కడా ఒక ప్రశ్న మిగులుతుంది. ఎవరి దారికి అడ్డంగా మూశారు?

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఈ కథలో అసలు విషయం ఇదే.

చవక గేమింగ్ కార్డు లేకపోతే ఈ రోజు లోకమంతా మాట్లాడుకుంటున్న కృత్రిమ మేధ ఇలా ఉండేది కాదు. 2012లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో అలెక్స్ క్రిజెవ్‌స్కీ అనే విద్యార్థి, ఇల్యా సుట్‌స్కెవర్, గురువు జెఫ్రీ హింటన్ కలిసి ఫోటోలోని వస్తువు ఏమిటో గుర్తించే ప్రోగ్రాం తయారుచేశారు. ఆ ఏటి పోటీలో అది అందరినీ చాలా వెనక్కి నెట్టేసింది. దానికి వాడినవి పెద్ద సంస్థల సూపర్ కంప్యూటర్లు కాదు, రెండు జీటీఎక్స్ 580 గేమింగ్ కార్డులు. ఒక్కోదానిలో 3 జీబీ మెమరీ. ఒకదానిలో పట్టక పనిని రెండు కార్డులకు పంచారు. ఐదారు రోజులు నడిపారు. అలెక్స్ తన గదిలోనే దాన్ని నడిపాడు. అదే తరం చిప్‌తో ప్రొఫెషనల్ కార్డులు కూడా ఉండేవి. ఒక రకం పెద్ద లెక్కల్లో గేమింగ్ కార్డు వేగాన్ని కంపెనీ కావాలని వాటికంటే బాగా తగ్గించింది కూడా. కానీ వాళ్లకు కావలసిన రకం లెక్కకు ఆ కంచె అడ్డు రాలేదు. కంచెలో అలా ఒక సందు మిగిలింది. దానిలోంచి ఒక విద్యార్థి దూరాడు. ఎన్విడియా ఈ రోజు ఉన్న స్థితికి ఆ సందే కారణమంటే అతిశయోక్తి కాదు.

తర్వాత ఏమైంది? 2017 డిసెంబరులో గేమింగ్ కార్డుల డ్రైవర్ లైసెన్సులో ఒక షరతు చేరిన సంగతి బయటపడింది. ఈ సాఫ్ట్‌వేర్‌ను డేటా సెంటర్లలో వాడకూడదు. ఒక్క మినహాయింపు ఇచ్చారు, బ్లాక్‌చెయిన్ పనికి వాడుకోవచ్చట. అంటే క్రిప్టో నాణేలు తవ్వడానికి సరే, విశ్వవిద్యాలయం గదిలో వరసగా పెట్టి పరిశోధన చేయడానికి ఇబ్బంది. (పరిశోధనకు వాడుకోవడాన్ని తాము ఆపాలనుకోవడం లేదని కంపెనీ తర్వాత చెప్పింది. కాగితం మీద రాత మాత్రం అలాగే ఉంది.) 2021లో ఆ తవ్వకమే గేమర్లకు కార్డులు దొరకకుండా చేస్తోందని ఆర్టీఎక్స్ 3060లో తవ్వే వేగాన్ని సగానికి కోసే తాళం వేశారు. నెల తిరగకుండా తమ సొంత డ్రైవర్‌లోనే పొరపాటున ఆ తాళం తీసేశారు. నవ్వొస్తుంది కానీ ఒక పాఠం ఉంది. ఏ పనికి ఈ కార్డు పనికొస్తుందో కొన్నవాడు కాదు, అమ్మినవాడు నిర్ణయిస్తున్నాడు, అదీ కొన్న తర్వాత కూడా.

ఇప్పటి అసలు కంచె మెమరీ. తెలుగులో మాట్లాడే, రాసే మోడల్‌ను మన యువకులు ఇంట్లో నడపాలనుకోండి. ఎనిమిది వందల కోట్ల పారామీటర్ల చిన్న మోడల్‌ను కుదించి పెడితే ఐదారు జీబీలో పడుతుంది. మామూలు గేమింగ్ కార్డు చాలు. ఏడు వేల కోట్ల పెద్ద మోడల్‌ను ఎంత కుదించినా 35 జీబీకి తక్కువ అంటే కష్టం. ఇప్పుడు ఈ వరస చూడండి. అందరికంటే పెద్ద గేమింగ్ కార్డులో 2020లో 24 జీబీ. 2022లోనూ 24. 2025లో 32. ప్రొఫెషనల్ కార్డులో అదే కాలాలకు 48, 48, 96. చిప్‌కు చేతకాక కాదు. 4090 చిప్‌ను ఊడదీసి వేరే బోర్డు మీద అతికించి, 48 జీబీ చేసి అమ్మే వర్క్‌షాపులు చైనాలో తయారయ్యాయి. చేతకానిదైతే వాళ్లు చేయలేరు కదా. లక్షన్నర పెట్టగల గేమర్‌కు, ఆరు లక్షలు పెట్టగల సంస్థకు మధ్య గోడ కట్టారు. ఆ గోడకు ఇవతల ఆగిపోయేది సంస్థ కాదు, మన విద్యార్థి.

లెక్కలు కూడా చెప్పాలి. 2017 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఎన్విడియా ఆదాయం 690 కోట్ల డాలర్లు. అందులో 406 కోట్లు గేమర్లు ఇచ్చినవే. 2025 జనవరితో ముగిసిన సంవత్సరంలో ఆదాయం 13,050 కోట్ల డాలర్లు. అందులో డేటా సెంటర్ల నుంచి 11,520 కోట్లు, గేమింగ్ నుంచి దాదాపు 1,135 కోట్లు. వంద డాలర్ల అమ్మకంలో సరుకు ఖర్చు పోగా 75 మిగిలాయి. పరిశోధనకు, జీతాలకు అందులోంచే పోతుంది, నిజమే. అయినా ఈ ఊరివాళ్లకు ఆయ్దక్కి లక్కమ్మ కథ గుర్తు రాకుండా ఉంటుందా? భర్త మారయ్య రోజూ తెచ్చేదానికంటే ఎక్కువ బియ్యం ఏరుకొస్తే, మనకు ఇంత ఎందుకు, తిరిగి పోసి రమ్మని పంపిన మనిషి ఆమె. షేర్ మార్కెట్‌కు ఆమె మాట చెప్పి ఒప్పించగలమని మేము అనుకోవడం లేదు. కానీ ఆశకు హద్దు అనే మాట పుట్టిన ఊళ్లో దాన్ని పలకడానికి సిగ్గుపడనక్కర లేదు.

గేమర్లు ఆ కంపెనీకి ఇప్పుడు చిన్న బేరం. చిన్న బేరం అయినవాడి కోసం ఎవరూ సందు వదలరు. మాకు ఉన్న భయం అదొక్కటే.

సౌలు కాలంలో ఇశ్రాయేలు దేశమంతటా కమ్మరి లేకుండా పోయాడని మొదటి సమూయేలు 13వ అధ్యాయంలో ఉంది. నాగటి నక్కు, గొడ్డలి, ఏది పదును పెట్టించుకోవాలన్నా ఫిలిష్తీయుల దగ్గరికే దిగి వెళ్లాలి. ఆదివారం బడిలో మనం ఆ అధ్యాయాన్ని యుద్ధం కథగా చదివి వదిలేస్తాం. అది పనిముట్టు కథ. కమ్మరి ఒక్కడే అయితే కూలి వాడు చెప్పిందే. నేటి కమ్మరి కొలిమి పేరు కూడా. ఎన్విడియా 2007లో తెచ్చిన సాఫ్ట్‌వేర్ అది. కృత్రిమ మేధ రాసేవాళ్లంతా దానికి అలవాటు పడ్డారు. అందుకే ఏఎండి కార్డు చవకగా ఉన్నా వెనకాడతారు. అందరూ దాని మీదే ఆధారపడటం గురించి ఫ్రాన్సులో పోటీని కాపాడే ప్రభుత్వ సంస్థ 2024 జూన్‌లో ఇచ్చిన నివేదికలో ఆందోళన చెప్పింది. అంతమాత్రాన ఏఎండి పుణ్యాత్మురాలని కాదు. దానికీ రెండు వరసల కార్డులు, రెండు ధరలు ఉన్నాయి. ఇంటెల్‌కూ ఉన్నాయి. కానీ ముగ్గురు కమ్మరులు ఉంటే టైటాన్ తాళం తీసినట్టు ఒక్కో తాళం ఊడుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక మీ జేబు సంగతి.

పెళ్లి వీడియోలు, ఆల్బమ్‌లు, యూట్యూబ్ చేసేవాళ్లకు ప్రొఫెషనల్ కార్డు అక్కర లేదు. ఏ దుకాణంవాడు చెప్పినా, కోర్సు నేర్పే సంస్థ చెప్పినా అక్కర లేదు. ఒకప్పుడు ఫోటోషాప్‌లో రంగులు పది బిట్లలో చూడాలంటే క్వాడ్రో కావలసి వచ్చేది. 2019 జూలైలో ఆ తాళం కూడా డ్రైవర్‌తోనే తీసేశారు. ఇప్పటికీ కొందరు పాత మాటే చెప్పి అమ్ముతున్నారు. బ్లెండర్ సాఫ్ట్‌వేర్ ఉచితం, గేమింగ్ కార్డు మీద హాయిగా నడుస్తుంది. యానిమేషన్ నేర్చుకోవడానికి అది చాలు. 'ఈగ' లాంటి సినిమాకు గ్రాఫిక్స్ చేసిన హైదరాబాద్ స్టూడియోలలో మీకు ఉద్యోగం దొరికితే, అక్కడి పెద్ద కార్డులు స్టూడియో కొంటుంది. మీరు కొననక్కర లేదు. సాలిడ్‌వర్క్స్ లాంటివాటితో యంత్రాల డిజైన్‌లు చేసి కంపెనీలకు ఇచ్చేవాళ్లు మాత్రం ధ్రువపత్రం ఉన్న కార్డు చూడాలి. వాటిలోనూ అన్నీ లక్షల్లో ఉండవు, చిన్నవి ఉన్నాయి. పొరపాటు జరిగితే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకు ఆ డబ్బు కడుతున్నారని తెలిసి కొనండి.

పాత కార్డులు చవకగా వస్తున్నాయని తొందరపడకండి. రాత్రింబవళ్లు నాణేలు తవ్విన కార్డుకు ఫ్యానులు అరిగి ఉంటాయి. దుకాణంలోనే అరగంట బరువు పని మీద నడిపించి, వేడి చూసి కొనండి. బిల్లు, వారంటీ లేకుండా వద్దు.

కృత్రిమ మేధ చదివేవాళ్లకు మా సలహా వేరు. పెద్ద కార్డుకు అప్పు చేయవద్దు. అద్దెకు తీసుకోండి. కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో 10,372 కోట్ల రూపాయలతో ఇండియా ఏఐ మిషన్ ఆమోదించింది. 38,000కు పైగా జీపీయూలు సమకూర్చామని, గంటకు 65 రూపాయల సబ్సిడీ ధరకు ఇస్తామని ప్రకటించింది. వంద గంటలు వాడితే ఆరున్నర వేలు. ఆరు లక్షల అప్పు వడ్డీ ముందు అదెంత? అయితే ఆ దరఖాస్తు దాకా కళ్యాణ కర్ణాటక పల్లె నుంచి ఎవరు చేరుతున్నారు, బెంగళూరు, హైదరాబాద్ కంపెనీలకే అన్నీ పోతున్నాయా అని మనం అడగాలి. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు. ఈ హాల్లో ఉన్న డిగ్రీ విద్యార్థుల్లో ఇద్దరు ముగ్గురు కలిసి ఆ దరఖాస్తు రాయగలరు. బీదర్, కలబురగి, యాదగిరి, రాయచూరు జిల్లాల నుంచి ఎంతమంది విద్యార్థులకు ఎన్ని గంటలు ఇచ్చారో అడగండి. రాయడంలో మేము సాయం చేస్తాం.

ఇంకొక దారి ఉంది. పదిమంది పది చిన్న కార్డులు కొనే బదులు, మూడు నాలుగు సంఘాల యువత కలిసి ఒక మంచి గేమింగ్ కార్డుతో ఒక కంప్యూటర్ పెట్టుకోవచ్చు. పగలు ఎడిటింగ్ చేసేవాళ్లకు, రాత్రి చదువుకునేవాళ్లకు. ఆ ఖాతా పుస్తకం అమ్మాయిల చేతిలో పెట్టండి. ఎందుకంటారా? ఇలాంటి యంత్రం వచ్చిన చోటల్లా వారం తిరగకుండా అది అబ్బాయిల ఆట పెట్టె అవుతుంది. మేము చూశాం.

చివరిగా తాళాల మాట. డ్రైవర్‌లోని హద్దును తీసేసే ప్యాచ్‌లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, వాడవచ్చా అని ఒక తమ్ముడు చీటీ పంపాడు. నువ్వు కొన్న వస్తువులో మూసిన తలుపు నువ్వు తెరిస్తే దాన్ని దొంగతనం అనడానికి మాకు నోరు రాదు. కానీ నువ్వు ఒప్పుకున్నానని నొక్కిన కాగితం ఉంది. వ్యాపారం చేసేవాడివైతే ఆ కాగితం నీ మీదికే వస్తుంది. ఇంట్లో నేర్చుకునేవాడికి వేరు, డబ్బు తీసుకుని పనిచేసేవాడికి వేరు. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ మాత్రం దీనితో కలపవద్దు. అది కొనని వస్తువు. బదులుగా ఉచితంగా దొరికేవి ఉన్నాయి కాబట్టి దానికి సాకు కూడా లేదు.

సీటీసీకి వెళ్లే ముందు మీరు రోజూ చేసే పని ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లండి. రెండు కార్డుల మీదా దాన్ని నడిపి చూపించమనండి. ఎన్ని నిమిషాలు పట్టిందో కాగితం మీద రాసుకోండి. చూపించనంటే పక్క దుకాణానికి వెళ్లండి. అప్పు సంగతి ఆ కాగితం ఇంటికి తెచ్చి అమ్మానాన్నల ముందు పెట్టాక మాట్లాడుకుందాం. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.